ఆలస్యంగా చూసిన గీత

ముప్పై రెండేళ్లు సర్కారు దవాఖానాల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సిరిసిల్లలో మొదలుపెట్టి, జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల అన్నీ తిరిగి, చివరికి సిరిసిల్లకే వచ్చి చేరాను. మాది అక్కడే. మా బాపు మరమగ్గం సాంచాల మీద గుడ్డ నేసి మమ్మల్ని చదివించాడు. రిటైరైన రోజు శాలువా కప్పి, "మేడం రిపోర్టు ఇచ్చిందంటే మళ్లీ చూసుకునే పని లేదు" అని ఒక డాక్టరు గారు మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు కనిపించినప్పుడల్లా, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని అడుగుతుంటారు. మలేరియా స్లైడులో ఎవరికీ కనిపించనిది నాకు కనిపించిన సంగతి చెప్పేదాన్ని. దొరకని గ్రూపు రక్తం కోసం పోలీసు కానిస్టేబుల్‌ను బస్సులోంచి దింపుకొచ్చిన సంగతి చెప్పేదాన్ని. రెండూ నిజాలే. కానీ మర్చిపోలేనిది అవి కావు. ఇది. ఏ ఊరి దవాఖానలో జరిగిందో చెప్పను, ఎవరి పేరూ రాయను. తప్పు ఊరిది కాదు, దవాఖానది కాదు.

మహమ్మారి వచ్చిన మొదటి ఏడాది సంగతి. మా ల్యాబులో ఇద్దరం ఉండాలి. రెండో అతను జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడు. గొంతులోంచి నమూనా తీసి, ఐసు డబ్బాలో పెట్టి, పెద్ద ల్యాబుకు పంపితే ఫలితం రావడానికి నాలుగైదు రోజులు పట్టేది. ఈలోపు ఆ మనిషి బాగన్నా అయ్యేవాడు, లేదంటే మరీ పాడయ్యేవాడు. అట్లాంటి రోజుల్లో ఊరి దాత ఒకాయన మా దవాఖానకు రెండు పెట్టెల ర్యాపిడ్ యాంటీబాడీ కిట్లు తెచ్చి ఇచ్చాడు. పెట్టెను ఆరుగురు కలిసి పట్టుకుని ఫోటో దిగారు. ముఖాలు కనబడాలని ఆరుగురూ మాస్కులు తీసేశారు.

మీరు ఆ కిట్లు వాడి ఉండకపోవచ్చు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. వేలెడు పొడుగు ప్లాస్టిక్ పట్టీ. ఒక గుంటలో రక్తం గానీ, దాన్నుంచి వేరుచేసిన సీరం గానీ ఒక చుక్క, దాని మీద మందునీళ్లు రెండు చుక్కలు. పైన 'సి' దగ్గర గీత వస్తే కిట్టు పనిచేస్తున్నట్టు. కింద 'జి' దగ్గర కూడా గీత వస్తే ఆ మనిషికి జబ్బు ఎప్పుడో వచ్చి పోయిందని, ఒంట్లో దాన్ని ఎదుర్కొన్న గుర్తు మిగిలిందని అర్థం. గుర్తు ఉన్నంత మాత్రాన మళ్లీ రాదని కాదు. జబ్బు ఇప్పుడు ఉందో లేదో కూడా అది చెప్పదు. పైగా ఊర్లో ఇంకా ఎక్కువమందికి జబ్బు రానప్పుడు, వచ్చే గీతల్లో అబద్ధపు గీతలే ఎక్కువ ఉండొచ్చు. పెట్టెలో చిన్న అక్షరాల కాగితం ఒకటి ఉండేది. పదిహేను నిమిషాలకు చూడాలి, ఇరవై దాటితే చూడొద్దు అని అందులో రాసి ఉంది. ఆ కాగితాన్ని నేను గోడకు అంటించాను కూడా.

మా పెద్ద డాక్టరు మంచి మనిషి. ఆ రోజుల్లో ఇంటికి పోకుండా దవాఖానలోనే ఒక గదిలో పడుకునేవాడు. ఐసోలేషన్ వార్డులో పనిచేయడానికి మనుషులు లేరు. సగం మంది సెలవు పెట్టారు, మిగిలిన సగం భయపడుతున్నారు. కిట్లు చూడగానే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది.

"మేడం, మన స్టాఫ్ అందరికీ చేద్దాం. గీత వచ్చినోళ్లను వార్డుకు వేస్త. వచ్చిపోయినోళ్లకు మళ్లీ రాదు గదా" అన్నాడు.

"ఖాయంగా చెప్పలేం సార్" అన్నాను.

"ఖాయం అనేది ఇప్పుడు ఏముంది మేడం? ఎవల్నో ఒకల్ని పంపాలె. గీత ఉన్నోళ్లను పంపితే నాకు కొంచెం నిద్ర పడుతది."

నేను స్టాఫ్ పేర్ల లిస్టు రాసుకున్నాను. ఆయన అన్నదాంట్లో నాకు కూడా కొంత నెమ్మది కనిపించింది.

మా దవాఖానలో ఒక ఆయా ఉండేది. కాంట్రాక్టు మీద పని. కథలాపూర్ దిక్కు ఒక పల్లె. భూమి లేని ఇల్లు. భర్త ట్రాలీ ఆటో నడిపేవాడు. ఆదివారం డ్యూటీ పడితే ప్రార్థన పోయిందని బాధపడేది, కానీ ఎవరైనా మార్చుకోమంటే మొదట ఒప్పుకునేది కూడా తనే. నాకంటే పదిహేనేళ్లు చిన్న. మధ్యాహ్నం నా గదిలో కూర్చుని తినేది. ఆమె తెచ్చిన పుంటికూర తొక్కు కోసం నేను సగం అన్నం మిగుల్చుకుని ఎదురుచూసేదాన్ని. నన్ను అక్కా అని పిలిచేది.

పరీక్షల రోజు ఆమె అందరికంటే చివర వచ్చింది. వరండా తుడిచి, చేతులు కడుక్కుని, తడి చేతులతోనే కుర్చీలో కూర్చుంది.

"అక్కా, నాది జర మంచిగ చూడు. ఊర్ల నన్ను బోరింగు కాడికి రానిస్తలేరు. కరోనా దవాఖాన్ల పనిచేస్తదని ఎవలూ బండి గూడ ఎక్కించుకుంటలేరు. మా ఆయన ట్రాలీల తోలుకొస్తున్నడు. నాకు వచ్చిపోయిందని తెలిస్తే గా బాధ తప్పుతది."

రక్తం తీసి, మిషన్లో తిప్పి, సీరం వేరుచేసి పట్టీ మీద వేశాను. గడియారం చూసుకున్నాను. అప్పుడే కాన్పుల వార్డు నుంచి పిలుపు వచ్చింది. ప్రసవమైన ఒకామెకు రక్తం ఆగడం లేదు. గ్రూపు చూడాలి, ఎక్కించే రక్తం కలుస్తుందో లేదో చూడాలి. ల్యాబులో నేను ఒక్కదాన్నే. ఆ పని ముగించి నా బల్ల దగ్గరికి వచ్చేసరికి యాభై నిమిషాలు దాటింది. ఆ తల్లి బతికింది. అందుకు ఈ రోజుకీ సంతోషమే. కానీ బల్ల మీద ఆయా పట్టీ అలాగే ఉంది. 'జి' దగ్గర లేత గులాబీ రంగు గీత ఒకటి కనిపించింది. పట్టీని వెలుతురుకు అటు తిప్పితే ఉంది, ఇటు తిప్పితే లేదు.

టైము దాటింది కాబట్టి ఆ పట్టీని పారేసి మళ్లీ చేయాలి. అది నాకు తెలుసు. గోడ మీద కాగితం కూడా అదే చెప్తోంది. కిట్లకు కొరత లేదు. పదిహేను నిమిషాల పని. కానీ నేను పొద్దున్నుంచి కూర్చోలేదు. పెద్ద డాక్టరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అయిందా మేడం? లిస్టు ఇస్తే డ్యూటీలు వేసేస్త."

ఆయన వెనకాల ఆయా తొంగి చూస్తోంది. "వచ్చిందా అక్కా? గీత వచ్చిందా?"

"లేతగ ఉంది... వచ్చింది" అన్నాను.

"అంటే నాకు వచ్చిపోయినట్టేనా?"

"అట్లనే అనుకోవాలె."

"దేవునికి స్తోత్రం!" అని ఆమె చేతులు జోడించింది. పట్టీని ఫోన్లో ఫోటో తీసుకుంది. ఊర్లో చూపించడానికి. అంతమంది స్టాఫ్‌లో గీత వచ్చింది నలుగురికే. నాలుగో పేరు ఆమెది. లిస్టు మీద సంతకం నాది.

మర్నాడు పొద్దున ట్యూబులు పారేసే ముందు ఆమె సీరం నా చేతికి వచ్చింది. రాత్రంతా ఆ లేత గీత మనసులో మెదులుతూనే ఉంది. కొత్త కిట్టు విప్పి మళ్లీ చేశాను. ఈసారి కుర్చీలోంచి లేవలేదు. పదిహేను నిమిషాలకు చూస్తే 'సి' ఒక్కటే. ఇంకో కిట్టు విప్పాను. అదే ఫలితం. రెండు పట్టీలూ దవాఖాన చెత్త వేసే పసుపు సంచిలో పడేసి పెద్ద డాక్టరు గదికి పోయాను.

ఆయన ఫోన్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఎవరినో బతిమాలుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశాడు.

"ఏమన్నా అర్జెంటా మేడం?"

అర్జెంటు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను అక్కడ నిలబడి ఏవేవో ఆలోచించాను. డ్యూటీ చార్టు అప్పటికే గోడకెక్కింది. ఆమె ఊర్లో ఫోటో చూపించేసి ఉంటుంది, ఇప్పుడు అది అబద్ధమంటే ఎట్లా? అసలు నిన్నటి గీతే నిజమేమో, ఈ కిట్లను ఎవరు నమ్మారు? వీటన్నిటికింద ఇంకోటి ఉంది. టైము దాటాక చూసి సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల పేరు.

"ఏం లేదు సార్" అని తిరిగి వచ్చేశాను.

మీరు నన్ను తిట్టుకునే చోటు ఏదైనా ఉంటే అది ఇదే. ఆలస్యంగా చూడటం పొరపాటు. అలాంటిది మీరూ చేస్తారు. ఆ గదిలోంచి వెనక్కి రావడం పొరపాటు కాదు.

వార్డులో ఆమె పని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. బంధువులను లోపలికి రానిచ్చేవారు కాదు కాబట్టి ముసలివాళ్లకు అన్నం తినిపించేది. ఫోను చెవి దగ్గర పట్టి ఇంటివాళ్లతో మాట్లాడించేది. పక్క మీద తిరగలేనివాళ్లను తిప్పి పడుకోబెట్టేది. "నాకు గీత వచ్చింది, నాకేం గాదు. మీకు గూడ నయమైతది" అని ధైర్యం చెప్పేదట.

నాలుగో రోజో ఐదో రోజో వరండాలో ఎదురైంది. ముఖానికి చీరకొంగు లాంటి పలచని గుడ్డమాస్కు కట్టుకుంది. వార్డులో పనిచేసేవాళ్లకు మందపాటి మాస్కులు రోజుకు ఒకటి చొప్పున లెక్కగా ఇచ్చేవారు.

"నీ మాస్కేది చెల్లె?"

"గా కొత్తగ వచ్చిన నర్సు పిల్లకిచ్చిన అక్కా. దానిది తెగిపోయింది. సంటిపిల్ల తల్లి. దానికి గీత రాలే, అయినా నర్సులు లేక వార్డుకు వేసిండ్రు. నాకెందుకు?"

"అయినా పెట్టుకోవాలె. గీ కిట్లను నమ్మొద్దు."

ఆమె నవ్వింది. "నమ్మొద్దా? మరి నువ్వే చెప్తివి గదక్కా!"

"జాగ్రత్త చెప్తున్న, అంతే" అన్నాను. ఆమె బకెట్ పట్టుకుని వార్డులోకి పోయింది. నేను నా గదికి పోయి నాలుగు మందపాటి మాస్కులు వెతికి పంపించాను. నిజం చెప్పడానికి బదులు మాస్కులు పంపాను. వాటిలో రెండు మళ్లీ ఎవరికో ఇచ్చేసిందని తర్వాత తెలిసింది.

వారం తిరగకముందే ఆమెకు జ్వరం వచ్చింది. గొంతు నమూనా నేనే తీశాను. ఫలితం పాజిటివ్. తను పనిచేసిన వార్డులోనే, కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టారు. నేను తొడుగులన్నీ వేసుకుని లోపలికి పోతే కళ్లను బట్టి గుర్తుపట్టింది.

"అక్కా, గీత వచ్చింది గదా. మల్ల ఎట్ల వచ్చె?"

"కిట్లు గట్లనే ఉంటయి చెల్లె. ఒక్కోసారి తప్పు చూపిస్తయి."

ఈ మాటలో ఎక్కడా అబద్ధం లేదు. పుస్తకాల్లోనూ అలాగే రాసి ఉంటుంది. అంత నిజమైన మాట చెప్పి నేను దాక్కోగలిగాను.

మూడు రోజులకు ఆమె భర్తకు వచ్చింది. అతనికి షుగర్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పెద్దాసుపత్రికి పంపారు. పదో రోజు చనిపోయాడు. ఊరి బయట సమాధుల దగ్గర, తెల్ల తొడుగులు వేసుకున్న నలుగురు మనుషులు పూడ్చిపెట్టారు. అతని ముసలితల్లి ముఖం చూస్తానంటే దూరం నుంచే ఆపేశారు. ఆ సమయానికి ఆయా ఇంకా మా వార్డులో ఆక్సిజన్ మీద ఉంది. బాగై ఇంటికి పోయింది గానీ తిరిగి డ్యూటీకి రాలేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని నర్సు పిల్ల చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది. "గీత వచ్చిందని గొప్పలు వోయి, మాస్కు లేకుంట తిరిగి నా కొడుకును తిన్నది" అని అత్త ఊరంతా అంటోందట.

అప్పుడైనా పోవాలి కదా. పోలేదు. కొన్నాళ్లకు నాకు బదిలీ అయింది. ఆ తర్వాత ఇంకో ఊర్లో సర్వే కోసం మళ్లీ యాంటీబాడీ పరీక్షలు చేశాను. వీధికి కొందరి చొప్పున రక్తం తీసి, ఊర్లో జబ్బు ఎంతమేరకు పాకిందో అంచనా వేశారు. అక్కడ ఆ పరీక్ష బాగా పనికొచ్చింది. పది గీతలు అటూ ఇటూ అయినా ఊరి లెక్క పెద్దగా మారదు. ఒక మనిషి బతుకును ఒక గీత మీద పెట్టినప్పుడే చిక్కు. కిట్టును తిట్టి ప్రయోజనం లేదు, మేం దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాం. నేనైతే అది ఇచ్చిన జవాబును కూడా వేళకు వినలేదు.

రిటైరయ్యాక ఒకసారి కొత్త టెక్నీషియన్ల శిక్షణకు పిలిస్తే పోయాను. ఏదో ర్యాపిడ్ కిట్టు గురించి చెప్తుంటే ముందు వరసలోని అమ్మాయి లేచి, "టైం దాటినంక చూస్తే ఏం చెయ్యాలె మేడం?" అని అడిగింది.

"పారేసి మళ్లీ చెయ్యాలె. రిపోర్టు పోయి ఉంటే, పోయి చెప్పి రావాలె" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. ఆమె రాసుకోవడం చూస్తుంటే నాకు ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సెక్కి కథలాపూర్‌లో దిగాను. అక్కడి నుంచి ఆటో. మధ్యాహ్నం వేళ. ఆమె ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవబోయింది, ఆయాసం వచ్చి మళ్లీ కూర్చుంది.

"రాండ్రి మేడం" అంది. అక్కా అనలేదు. ఎందుకో నాకు తెలియదు. ఇన్నేళ్లూ నేను ఒక్కసారి కూడా రాకపోవడం ఆమెకు గుర్తుండకుండా ఎట్లా ఉంటుంది?

ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. యాభై నిమిషాలు, మర్నాటి రెండు కిట్లు, డాక్టరు గది. చెప్తున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. ఆకు చుట్టి, దారం కట్టి, చాటలో వేస్తూనే ఉంది. నేను చెప్పడం ఆపాక తలెత్తకుండానే మాట్లాడింది.

"చెప్పినా గూడ డ్యూటీకి పోయేదాన్నే మేడం. ఇంకెవలుండిరి? మాస్కు మాత్రం ఇయ్యకపోయేదాన్ని."

నేను తలూపాను.

"గీత రాకముందు నేను అరుగు మీద పండుకుంటుంటి. నేను తినే తలె వేరు, తాగే చెంబు వేరు. ఆయన లోపలికి రమ్మన్నా పోకపోతుంటి. గీత వచ్చిన రోజు ఆయనే నా చాప తీసి లోపల వేసిండు. వచ్చిపోయింది గదా, ఇంక భయమేంది అన్నడు."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్లు నేను మాస్కు గురించే బాధపడుతూ వచ్చాను.

"నన్ను మాఫ్ చెయ్ చెల్లె" అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టింది. "నాకు చెప్తే ఏమొస్తది? మా అత్తకు చెప్పు. ఇన్నేండ్ల సంది ఆమె నా ముఖం చూసి మాట్లాడది. ఒక్క ఇంట్ల ఉంటున్నం, ఒక్క పొయ్యి మీద వండుకుంటున్నం. దా."

ముసలామె ఇంటి పక్క నీడలో తునికాకు కత్తిరిస్తోంది. వంగి మెల్లగా మొదలుపెట్టాను. కోడలు నా భుజం మీద చెయ్యి వేసింది.

"వినరాదు మేడం. గట్టిగ చెప్పాలె."

గట్టిగా చెప్పాను. "ఆ?" అంది ముసలామె. ఇంకా గట్టిగా చెప్పాను. పక్కింటి ఆడవాళ్లు బీడీలు ఆపి తలలు తిప్పారు. బోరింగు దగ్గర బిందెలు పట్టుకుని ఉన్నవాళ్లు చూస్తున్నారు. ముప్పై రెండేళ్లలో నేను ఎవరి రిపోర్టూ పైకి చదివిన దాన్ని కాదు. ఆ వాడ నడుమ నిలబడి, గొంతు చించుకుని, "గీత రాలేదు! నేను తప్పు చూసిన! తప్పని తెలిసి గూడ చెప్పలేదు!" అని అరిచాను.

ముసలామె కత్తెర కింద పెట్టింది.

"అంటే నా కోడలు తప్పు లేదంటవ్."

"లేదవ్వా."

"నీదా?"

"నాదే."

ఆమె నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "గప్పుడు నోరు లేకుండెనా నీకు?"

జవాబు కోసం ఆగింది. అలిసిపోయానని చెప్పనా, డాక్టరు ఫోన్లో ఉన్నాడని చెప్పనా? ఆమె నన్ను వదిలేసి కోడలి వైపు తిరిగింది. చాలాసేపు ముఖంలోకి చూసింది. కోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

"లే బిడ్డా. పొద్దు పోతుంది. ఇంత అన్నం తిందాం దా" అంది ముసలామె.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లోపలికి పోయారు. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. కొంతసేపు ఆ ఎండలోనే నిలబడి, ఆటో దొరికే దిక్కు నడిచాను.